వంటింటి మాటను ఎర్రసిరాతో కొట్టివేయకండి



హోసూరు ప్రాంతపు బడిలో తెలుగు చెప్పుకుంటున్న నేను ఒక తప్పు చేశాను. దానిని ముందుగా మీ ఎదుట ఒప్పుకొని, తరువాత నా అభిప్రాయం మనవి చేసుకుంటాను.

ఒకమారు ఆరవ తరగతి పిల్లలను "మా ఇంటి భోజనం" అన్న విషయం మీద పది వాక్యాలు రాయమన్నాను. తన అవ్వ ఉలవచారుకు తిరగవాత వేస్తే వాసన వీధి దాకా వస్తుందని ఒక బాలుడు రాశాడు. నేను "తిరగవాత"ను ఎర్రసిరాతో కొట్టివేసి, పైన "పోపు" అని రాశాను. మరునాడు ఆ అవ్వ బడికి వచ్చింది. ఆమెకు కోపం లేదు, సందేహమే ఉంది. "అయ్యవారూ, మా అమ్మ కాడ నేర్చిన మాట అది. తప్పా?" అని అడిగింది.

తప్పు కాదు. పోపు, తాలింపు, తిరగమోత, తిరగవాత అన్నీ తెలుగు మాటలే. ఒక్కొక్క సీమలో ఒక్కొక్కటి వాడుకలో ఉంది. పాఠ్యపుస్తకంలో ఒకటి అచ్చయినంత మాత్రాన తక్కినవి అపశబ్దాలు కాజాలవు. ఆమెకు క్షమాపణ చెప్పి, పుస్తకం తెప్పించి రెండు మాటలకూ ఒప్పు గుర్తు పెట్టాను. అయినా ఆ బాలుడు ఈనాటికీ "పోపు" అనే రాస్తున్నాడు.

దీనిని ఇంత పెద్దగా చెప్పడానికి కారణం ఉంది. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షలకు పైగా ఉన్నారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున 2015-16 నాటికి పదవ తరగతిని చేరింది. ఆ ఏర్పాటులో మన మాతృభాష ఐచ్ఛికమైన నాల్గవ భాగంలోకి వెళ్లింది. తమిళం నేర్వడం మన పిల్లలకు అవసరమే, అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. కాని బజారులో తమిళం, బడిలో తమిళమూ ఇంగ్లీషూ అయినప్పుడు పిల్లవాడు తెలుగు వినే చోటు ఏది? అవ్వ, అమ్మ, నాన్న కలిసి కూర్చునే భోజనవేళ ఒక్కటే. పీటలు పోయి బల్లలు వచ్చినందుకు నాకు విచారం లేదు. ఆ బల్ల దగ్గర మాటలు పోయి టీవీ, ఫోను వచ్చినందుకే విచారం.

"ఇంట్లో మాట్లాడుతున్నాం గదా, చాలదా?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. చాలదు. కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగు. తెలుగువారి వలసను చెప్పే "గోపల్ల గ్రామం" నవలను ఆయన తమిళంలో రాశారు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అది తమిళానికి సంపద, మనకు గర్వకారణం. అయినా మన పూర్వుల కథ తెలుగులోకి రావడానికి అనువాదం అవసరమైంది. నోట ఉన్న భాషకు అక్షరం తోడు కాకపోతే జరిగేది ఇదే.

ఆ అక్షరాన్ని వంటింటి నుండే మొదలుపెట్టవచ్చును. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. ట, డ లకూ అంతే. అందుచేత తమిళం ముందు నేర్చిన మన పిల్లలు "గరిటె"ను "కరిటె" అనీ, "చింతపండు"ను "చింతపంటు" అనీ రాస్తుంటారు. నోటితో మాత్రం సరిగానే పలుకుతారు. వారికి భేదం తెలుసు, దానికి తగిన అక్షరం అలవాటు కాలేదు, అంతే. డబ్బాల మీద బెల్లం, గసగసాలు, ధనియాలు అని పిల్లల చేతనే రాయించి అతికించండి. రోజూ చూసే అక్షరం త్వరగా పట్టుబడుతుంది.

తల్లిదండ్రులారా, దినానికి ఒక్కపూట టీవీ కట్టివేసి పిల్లలతో కలిసి భోజనం చేయండి. రోలు, కవ్వం, చేట, ఉట్టి వంటి మాటలను అవ్వ చేత చెప్పించి, పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లవాడు ఇంటి మాట రాస్తే కొట్టివేయకండి. దాని పక్కన పుస్తకపు మాటనూ చేర్చండి. పరీక్షకు ఒకటి పనికివస్తుంది, అవ్వతో మాట్లాడడానికి మరొకటి కావాలి.

కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాంలో ఉన్న మిత్రులారా, తిరగవాతను మీ ఇంట ఏమంటారో దయచేసి రాయగలరు. మా తరగతి గోడమీద ఒక పట్టిక వేలాడదీశాము. అందులో మొదటి మాట ఆ అవ్వదే.