మంచాన పడని జబ్బులకు డబ్బెక్కడిది?

ధర్మవరములో గుంటమగ్గము ముందు 40 ఏండ్లు కూర్చున్న నేతగానికి 60 దాటునప్పటికి మోకాళ్లు సహకరింపవు; చూపు జరీపోగును పట్టదు. దానికి తోడు చక్కెర వ్యాధియో, రక్తపుపోటో చేరును. ఇవి ఆసుపత్రిలో చేర్చుకొను జబ్బులు కావు. నెలకొకసారి ఓ.పి. చీటీ వ్రాయించుకొని, రక్తపరీక్ష చేయించుకొని, మాత్రలు కొనుక్కొని ఇంటికి వచ్చు జబ్బులు. మనిషిని ఒక్కసారిగా పడవేయవు గాని, ఇంటి డబ్బును నెలనెలా తినుచుండును.

పెద్ద జబ్బునకు ప్రభుత్వము అండగా నిలిచినది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము అప్పుడు ఆ జిల్లాలోనివే. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. 2024 అక్టోబరులో కేంద్రము 70 ఏండ్లు నిండిన వారందరికిని, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ రక్షణ కల్పించినది. ఇది గొప్ప మేలే. కాని యీ పథకములు ముఖ్యముగా ఆసుపత్రి పడక యెక్కినవానికి ఉద్దేశించినవి. గుండెకు శస్త్రచికిత్స ఉచితముగా జరుగును. ఆ గుండె చెడకుండ ఏండ్ల తరబడి మ్రింగవలసిన మాత్రలకు ముసలివాడు కొడుకు ముఖము చూడవలెను.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మాత్రలు ఊరక ఇత్తురు గదా యని కొందరు అడుగుదురు. ఇత్తురు. అయినను నిపుణుని చూడవలసివచ్చినప్పుడు హిందూపురమువారికి బెంగుళూరు రైలే గతి. ఆ ఛార్జీ, ఆ ఫీజు ఎవరి లెక్కలోనికిని రావు.

ఈ లోటునకు సింగపూరు ఒక దారి పట్టినది. 1984లో అచట మెడిసేవ్ అను పేర, జీతములో కొంత భాగము ఉద్యోగి సొంత ఖాతాలో వైద్యమునకై నిలువయుండు ఏర్పాటు జరిగెను. మొదట అది ఆసుపత్రి ఖర్చులకే. 2006లో మధుమేహము వంటి దీర్ఘవ్యాధుల ఓ.పి. చికిత్సకును తెరచిరి, 2015లో 65 ఏండ్లు దాటినవారు ఏటా 200 డాలర్ల వరకు ఓ.పి. ఖర్చులకు వాడుకొనవచ్చుననిరి. తరువాత ఆ వయస్సును 60కి తగ్గించి, మొత్తమును పెంచిరి. ఈ పద్ధతిలో మెచ్చుకొనదగినది ఒక్కటే, అది చిన్నది కాదు: డబ్బు రోగి పేరనే యుండును. తన ఖాతాలో డబ్బున్న వృద్ధురాలు రెండు దినములు వచ్చునని మాత్రను విరచి మ్రింగదు.

మన యొద్ద ఇది సాగునా? పెనుకొండ దాపున 2019లో కియా కార్ల కర్మాగారము వెలసినది. అట్టిచోట జీతము నెలనెలా బ్యాంకులో పడును, కోత సులభము. పైగా ఇ.ఎస్.ఐ. బీమాలో కనీసము 5 ఏండ్లుండి పదవీ విరమణ చేసిన కార్మికుడు ఏటా 120 రూపాయలు కట్టిన, భార్యాభర్తలిద్దరికిని ఓ.పి. వైద్యము సాగును. చిక్కంతయు ధర్మవరమునందే. అచట మజూరీ చీర దిగినప్పుడు షావుకారు చేతినుండి వచ్చును. బయానాకు పోగా మిగిలినదే జీతము. దానిలో కోత కోయువాడెవడు?

ఇందుకు త్రోవ లేకపోలేదు. తెలంగాణములో 2017లో వచ్చిన నేతన్నకు చేయూత పథకమున చేనేత కార్మికుడు మజూరీలో నూటికి 8 వంతులు పొదుపు చేసిన, ప్రభుత్వము 16 వంతులు కలిపెను. 10,000 మజూరీకి ఇతనివి 800, సర్కారువి 1,600. అట్టి పొదుపులో కొంత భాగమును 60 దాటిన పిదప వైద్యమునకే అని కట్టిపెట్టవచ్చును.

అయితే పొదుపు బీమా కాదు. తక్కువ గడించినవాని ఖాతాలో తక్కువే యుండును. జబ్బు మాత్రము గడన చూచి రాదు. మగ్గము ప్రక్కన కండెలు చుట్టిన ఇల్లాలికి మజూరీ లెక్కయే లేదు. కావున ప్రభుత్వపు వాటాలో సగము ఆమె పేర ప్రత్యేకముగా పడవలెను. ఇక నేడు 70 ఏండ్లున్నవారికి పొదుపు చేయు వయస్సు గడచిపోయినది. వారి ఖాతాలో జమ యంతయు ప్రభుత్వమే వేయవలసియున్నది: ఏడాది మాత్రలకును, నాలుగు రక్తపరీక్షలకును, రెండుసార్లు బెంగుళూరు పోయి వచ్చుటకును చాలినంత.