గట్టు మీద డ్యూటీ
బిలాస్‌పూర్ రైల్వే కాలనీల తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి



వానలు పడ్డాయి. రతన్‌పూర్ అవతల ఖూటాఘాట్ డ్యాం నిండి అలుగు పారుతోందని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. ఆదివారం వస్తే తోర్వా నుంచి, బుధవారీ బజార్ నుంచి బళ్లన్నీ అటే. కొందరు ఇంకా దూరం, కోర్బా అడవుల్లోని దేవ్‌పహరీ జలపాతం దాకా పోతారు. ఆ తర్వాత కార్తీకం, వనభోజనాలు. వెళ్లొద్దని చెప్పడానికి ఈ కాగితం వెయ్యలేదు. వారమంతా షిఫ్టు డ్యూటీలు నడిచే ఇళ్లలో పిల్లలకు అమ్మానాన్నలతో ఏటి గట్టున ఒక పూట దొరకడమే పండగ. వెళ్లండి. అయితే గట్టు మీద కాపలా ఎవరిదో బండి ఎక్కకముందే తేల్చుకుని వెళ్లండి. మేం అడిగేది ఇదే.

2020 ఆగస్టు 16న ఖూటాఘాట్ అలుగులోకి ఒక వ్యక్తి దూకాడు. ప్రవాహం లాక్కుపోతుంటే మధ్యలో ఒక బండ, చెట్టు దొరికాయి. రాత్రంతా వాటినే పట్టుకుని ఉండిపోయాడు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. సాయానికి వచ్చినవాళ్లూ ఒడ్డునే ఉన్నారు. ఆ ఉధృతిలో అతని దగ్గరికి మాత్రం ఎవరూ చేరలేకపోయారు. మర్నాడు పొద్దున వాయుసేన హెలికాప్టర్ వచ్చి పైకి లాగితే బతికాడు. ఆ చెట్టు చేతికి తగలకపోతే హెలికాప్టర్ వచ్చినా తీసుకెళ్లడానికి మనిషి ఉండేవాడు కాదు.

అలుగు మీంచి పడే నీళ్లు కింద వెనక్కి తిరిగి సుడి కడతాయి. అందులో పడ్డవాణ్ని బయటికి పోనివ్వకుండా మళ్లీ మళ్లీ లోపలికే తోస్తాయి. తెల్లగా కనిపించే ఆ నురగలో సగం గాలే, మనిషిని తేల్చదు. వంశధారలో, నాగావళిలో ఈత నేర్చినవాళ్లం అనుకునే పెద్దలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రవాహం వేగం రెండింతలైతే అది మనల్ని తోసే బలం నాలుగింతలవుతుంది. నిన్న మోకాలి లోతులో దాటిన గెడ్డ ఈ రోజు అదే లోతులో పడగొట్టేస్తుంది.

బియాస్ ఘటన తెలుగువాళ్లం మరిచిపోలేం. 2014 జూన్ 8న హిమాచల్‌లో మండీ జిల్లా థలౌట్ దగ్గర, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు నది మధ్య బండలెక్కి ఫొటోలు తీసుకుంటున్నారు. నీళ్లు తక్కువగానే ఉన్నాయి. పైన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. కొండల మధ్య ఇరుకు లోయ, పక్కకు పరుచుకునే చోటు లేదు, నీళ్లు నిట్టనిలువునా పెరిగాయి. 24 మంది పిల్లలు కొట్టుకుపోయారు. తర్వాత హిమాచల్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇమ్మంది. తప్పు ఎవరిదని తేలినా పిల్లలు రారు కదా. ఆ సాయంత్రం ఒడ్డున ఒక్క మనిషి ఎగువకు చూస్తూ నిలబడి, నీళ్లు పెరగడం మొదలవగానే కేకేసి ఉంటే ఎంతమంది మిగిలేవారో!

దేవ్‌పహరీలోనూ అలాంటి బండలే. అక్కడ ఎండ కాస్తున్నప్పుడే ఎగువ కొండల్లో వాన పడి నీళ్లు దిగొచ్చేస్తాయి. లైను ఖాళీగా కనిపిస్తోందని ఏ లోకో పైలటూ ఎర్ర సిగ్నల్ దాటకూడదు. ముందు ఏముందో తన కంటికి కనిపించదని అతనికి తెలుసు. నీటి దగ్గరా మనకు ఆ బుద్ధే ఉండాలి.

మన అర్పా సంగతి వేరు. ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే నది కాబట్టి పిల్లల్ని ఒంటరిగా పంపేస్తాం. కానీ ఇసుక తవ్వేసిన గోతుల్లో నీళ్లు నిలిచి పైకి చదునుగా కనిపిస్తాయి, ఒక్క అడుగు వేస్తే మనిషి లోతు. 2023 జులైలో సేంద్రి దగ్గర అలాంటి గోతిలో ముగ్గురు బాలికలు మునిగిపోయారు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. కార్తీక దీపాలు వదలడానికి వెళ్లినప్పుడు పిల్లల చెయ్యి వదలకండి.

ఇప్పుడు డ్యూటీ సంగతి. ప్రతి బండికీ ఇద్దరు. ఒకరు ఎగువకు చూడాలి, ఒకరు పిల్లల్ని చూడాలి. చేతిలో ఫోన్ ఉండకూడదు, మందు ముట్టకూడదు. భోజనానికి లేవాలంటే ఇంకొకరు వచ్చి రిలీఫ్ ఇవ్వాలి. చేరగానే నీటి అంచున ఒక రాయి పెట్టండి. రాయి తడిసినా, నీళ్లు మట్టి రంగు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, హోరు మారినా అందరూ వెంటనే గట్టెక్కాల్సిందే. చెప్పులు, గిన్నెలు అక్కడే వదిలెయ్యండి. మునిగేవాడు సినిమాల్లోలా కేకలు వెయ్యడు, చడీచప్పుడు లేకుండా పోతాడు. అందుకే కళ్లు అటే ఉండాలి.

వంటసామానుతో పాటు పాతిక మీటర్ల గట్టి తాడు పెట్టుకోండి. వనభోజనానికి ఎలాగూ 20 లీటర్ల నీళ్ల డబ్బాలు తెస్తాం. ఖాళీ అయిన డబ్బాకు మూత గట్టిగా బిగించి, తాడు కట్టి విసరండి, పట్టుకున్న మనిషిని అది తేలుస్తుంది. వెనకాలే నీళ్లలో దూకకండి. అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం స్నేహితుడు దూకి ఒకే ఇంటి ముందు రెండు పాడెలు కట్టిన ఊళ్లు ఎన్నో. పడవ ఎక్కితే పిల్లలకే కాదు, పెద్దలకూ లైఫ్ జాకెట్ ఉండాలి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగితే, బతికి బయటపడ్డవాళ్లలో పలువురు చెప్పింది తమ ఒంటిమీది జాకెట్ గురించే.

బయటికి తీసిన మనిషి ఊపిరి తీసుకోకపోతే కడుపు నొక్కి నీళ్లు కక్కించకండి, తలకిందులుగా తిప్పకండి. వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందు ఊపిరి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతి 30 నొక్కులకూ రెండు ఊపిరులు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఈలోగా ఇంకొకరు 112కు, 108కు ఫోన్ చెయ్యాలి. మన కాలనీల్లో ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకున్న రైల్వే ఉద్యోగులు ఉన్నారు. వాళ్లు ఒక్క సాయంత్రం మన కుర్రాళ్లకు, ఆడపిల్లలకు ఇది చేసి చూపించాలని పేరుపేరునా అడుగుతున్నాం.

అధికారులనూ అడుగుదాం. అలుగు దగ్గర గట్టి కంచె, నీళ్లు వదిలే ముందు సైరన్, ఆదివారాలు గజ ఈతగాళ్లు, అర్పా గోతుల చుట్టూ అడ్డుకట్ట. ఈ నాలుగూ రాసిన అర్జీ కాపీలు ఈ కాగితం పంచేవాళ్ల దగ్గర ఉన్నాయి. సంతకం పెట్టండి. కాలనీకొక తాడు, నాలుగు జాకెట్లు కొనడానికి తోచింది ఇవ్వండి. ఈ ఆదివారం బయల్దేరే బళ్లవాళ్లు గట్టు డ్యూటీ చేసే ఇద్దరి పేర్లు ఈ కాగితం వెనక రాసి డ్రైవరు చేతికివ్వండి.

ఇట్లు
రైల్వే కాలనీల తెలుగు తల్లిదండ్రులు, బిలాస్‌పూర్