పదిళ్ల గుడ్లు ఒక్క మిషన్‌లో పెట్టొద్దు

నారాయణఖేడ్, కంగ్టి, నాగల్‌గిద్ద వైపు ఇంట్లో ఇంక్యుబేటర్ పెట్టి, ఇరుగుపొరుగు గుడ్లూ సంతలో కొన్న గుడ్లూ కలిపి పొదిగించేవారు ఆ పని వెంటనే ఆపాలి. మిషన్ వద్దని కాదు, గుడ్లు కలపొద్దని చెబుతున్నాం.

తెల్లపారుడు రోగం తల్లి నుంచే గుడ్డులోకి దిగుతుంది. ఆ క్రిమి ఉన్న పెట్ట పైకి నిక్షేపంగా తిరుగుతుంది, మేస్తుంది. దాని గుడ్డు పొదుగు కోడి కింద పగిలితే నష్టం ఆ గంపలోని పది పన్నెండు పిల్లలతో ఆగే అవకాశముంది. మిషన్‌లో పగిలితే మాత్రం లోపలి ఫ్యాన్ ఆ పిల్ల నూగునూ దుమ్మునూ అన్ని ట్రేల మీదికీ చల్లుతుంది. రోగం సోకిన పిల్లలు రెక్కలు వేలాడేసి, ముద్దగా ఒకచోట చేరి, తెల్లగా పారుకుంటూ రోజుల్లోనే చనిపోతాయి. వాటికంటే బతికిపోయినవాటితోనే మాకు ఎక్కువ భయం. అవి చాలావరకు జన్మంతా ఆ క్రిమిని మోస్తూ, పెద్దయ్యాక మళ్లీ రోగపు గుడ్లే పెడతాయి. పిల్లలను పంచుకున్న ప్రతి ఇంట్లోనూ అదే జరుగుతుంది.

37.5 డిగ్రీల వేడి 21 రోజులు నిలిపితే చాలనుకోవద్దు. ఆ వేడీ తేమా క్రిములకూ కలిసొస్తాయి. మిషన్ పిల్లలను రాత్రిపూట పొదుగు కోడి కిందికి తోస్తే, తల్లి చాటున క్షేమంగా ఉన్న పిల్లలకూ రోగం అంటించినట్టే.

పైగా మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు, రోగం ఎటు నుంచైనా రావచ్చు. 2025 జనవరిలో లాతూర్ జిల్లా ఉద్గీర్‌లో కాకులు బర్డ్ ఫ్లూతో రాలిపోయాయి. ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే చౌటుప్పల్ మండలం నేలపట్లలో అది బయటపడింది. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాపను ఆ వైరస్ బలి తీసుకుంది. అందుకే ఊరుపేరు తెలియని కోడినీ, పిల్లనూ, గుడ్డునూ ఇంట్లోకి తేవద్దు. పసిపిల్లలను కోడిపిల్లలతో ఆడనివ్వద్దు, ముద్దు పెట్టుకోనివ్వద్దు. వాటిని ముట్టుకున్నవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పొదిగించాలంటే ఒక్క మందవే, మీ కళ్లముందు పెరిగిన ఆరోగ్యమైన కోళ్ల గుడ్లే పెట్టండి. పిల్లలు దిగిన ప్రతిసారీ నూగు, పెంకులు తీసేసి, ట్రేలు సబ్బునీళ్లతో కడిగి, క్రిమిసంహారకం పట్టించి ఎండబెట్టండి. మిషన్ కడిగేముందు కరెంటు తీసేయడం మరవొద్దు. థర్మాకోల్ డబ్బాలో బల్బు వేలాడదీసేవారు మరీ జాగ్రత్త, అది అంటుకుంటే ఇల్లు దక్కదు.

ఇరుగుపొరుగు కలిసి పంచుకోవలసింది టీకా సీసా. కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు మొదటి వారంలోనే కోడిపిల్లల కంట్లో వేయించాలి. ఒక్క సీసాలో ఎన్నో కోళ్లకు సరిపడే మందు ఉంటుంది, కలిపాక ఎక్కువసేపు నిలవదు. కాబట్టి వాడకట్టు పిల్లలన్నింటికీ ఒకే పూట వేయించండి, అయితే ఏ ఇంటి పిల్లలకు ఆ ఇంట్లోనే. కోళ్లు వరసగా చస్తుంటే కోసుకోవద్దు, అమ్మొద్దు, వాగులో పారేయొద్దు. వెంటనే పశువైద్యుడికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి.