ఖరీదంతా ఆ ఏకాంతానిదే!

రాత్రికి మనిషికి లక్ష రూపాయల పైమాటే. అంత పోసినా పడుకునేది గుడారంలో. టీవీ ఉండదు. సెల్‌ఫోనుకు సిగ్నల్‌ అందని చోట్లే ఎక్కువ. చీకటిపడితే తోడు లేకుండా గడప దాటనివ్వరు. తెల్లారకముందే లేపి జీపెక్కిస్తారు. అయినా సరే, మంచి సీజన్లో చోటు కావాలంటే నెలల ముందే డబ్బు కట్టాలి. దక్షిణాఫ్రికా, జింబాబ్వే, బోట్స్వానాలను కలుపుతూ సాగే ఖరీదైన సఫారీ సంగతులివి. ఇంతకీ అంత డబ్బూ దేనికి?

గుడారమంటే ఏదో నాలుగు గుంజలు పాతి గుడ్డ కప్పింది కాదు. గోడలు మాత్రమే కాన్వాసు. లోపల చెక్క నేల, మెత్తటి పరుపు, దోమతెర, స్నానాల తొట్టె... అన్నీ ఉంటాయి. వరండాలో కూర్చుంటే ఒక్కోసారి ఎదురుగానే ఏనుగులు నీళ్లు తాగుతూ కనిపిస్తాయి. భోజనం, రోజుకు రెండుసార్లు అడవిలో షికారు, గైడు... అన్నీ ఆ అద్దెలోనే. అయితే అసలు ఖరీదు వీటిది కాదు. కనుచూపు మేరలో మరో జీపు కనిపించకపోవడానిది! ఆ ఏకాంతం ఎలా సాధ్యమవుతోందో, దానివల్ల ఎవరికేం ఒరుగుతోందో తెలియాలంటే ఒక్కో మజిలీ చూసుకుంటూ వెళ్లాల్సిందే.

కంచె తీసేసిన అడవి

ఇలాంటి యాత్రలు ఎక్కువగా జొహానెస్‌బర్గ్‌లో మొదలవుతాయి. అక్కణ్నుంచి చిన్న విమానంలో క్రూగర్‌ జాతీయ పార్కు ప్రాంతానికి వెళ్తారు. 1898లో సాబీ అభయారణ్యంగా మొదలై, 1926లో జాతీయ పార్కుగా మారిన ఈ అడవి విస్తీర్ణం సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ఎవరైనా సొంత కారులో తిరగొచ్చు. పార్కు కాటేజీల్లో తక్కువ ఖర్చుతోనే బస చేయొచ్చు. కాకపోతే రోడ్డు వదిలి వెళ్లకూడదు. గేట్లు మూసే వేళకు తిరిగి వచ్చేయాలి. ఎక్కడైనా సింహం కనిపించిందంటే చాలు, కార్లు బారులు తీరతాయి.

క్రూగర్‌కు పడమటి వైపున ఆనుకునే ఉంటుంది సాబీ శాండ్‌. ప్రైవేటు భూములన్నీ కలిపి ఏర్పాటుచేసిన అభయారణ్యం. రెండింటి మధ్యా ఉన్న కంచెను 1993లో తీసేశారు. కాబట్టి అటు తిరిగే జంతువులే ఇటూ తిరుగుతాయి. చూసే పద్ధతే వేరు. ఒక జంతువు దగ్గర రెండు మూడు జీపులకు మించి ఆగనివ్వరు. మిగతావాళ్లు దూరంగా ఆగి, తమ వంతు వచ్చేదాకా వేచి ఉండాలి. అవసరమైతే జీపు రోడ్డు దిగి పొదల్లోకీ వెళ్తుంది.

ఆ జీపు బానెట్‌ ముందు ఓ చిన్న సీటు ఉంటుంది. అందులో కూర్చునే వ్యక్తే ట్రాకర్‌. చుట్టుపక్కల షంగాన్‌ పల్లెల నుంచి వచ్చినవాళ్లే వీరిలో ఎక్కువ. ఇసుకలో పడిన అడుగు, వంగిన గడ్డిపరక, ఇంపాలా జింక బెదిరి చేసే చప్పుడు... వాటిని బట్టే చిరుత ఎటు వెళ్లిందో, ఎంతసేపయిందో చెప్పేస్తారు. సాబీ శాండ్‌ చిరుతలకు పెట్టింది పేరు. తరతరాలుగా జీపులను చూస్తున్నాయి కాబట్టి మనుషులను పట్టించుకోకుండా, చక్రాల పక్కనుంచే దర్జాగా నడిచిపోతాయి.

సఫారీకి వెళ్లినవాళ్లందరి నోటా వినిపించే మాట ‘బిగ్‌ ఫైవ్‌’. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. చూడముచ్చటగా ఉంటాయని పెట్టిన పేరు కాదది. కాలినడకన వేటాడటం అత్యంత ప్రమాదకరమైన అయిదు జంతువులంటూ వెనకటి వేటగాళ్లు పెట్టుకున్న పేరు! ఆ వేట ఇంకా పూర్తిగా ఆగలేదు. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారయ్యే కొమ్ము కోసం ఒక్క 2014లోనే దక్షిణాఫ్రికాలో 1,215 ఖడ్గమృగాలను చంపేశారు. 2024లో ఆ సంఖ్య 420. తగ్గింది నిజమే కానీ, చాలాచోట్ల దొంగల చేతికి చిక్కకుండా కొమ్ములను ముందే కోసేయాల్సి వస్తోంది. మొండి ముక్కుతో గడ్డి మేసే ఖడ్గమృగాన్ని చూసి ‘ఇదేంటి ఇలా ఉంది’ అనుకునేవారికి గైడ్లు చెప్పే జవాబు అదే.

ఉరిమే పొగ

రెండో మజిలీ విక్టోరియా జలపాతం. జాంబియా, జింబాబ్వేల సరిహద్దులో జాంబెజీ నది 1,708 మీటర్ల వెడల్పున, 108 మీటర్ల లోతుకు ఒక్కసారిగా దూకేస్తుంది. 1855లో ఇక్కడికొచ్చిన డేవిడ్‌ లివింగ్‌స్టన్‌ తమ రాణి పేరు పెట్టాడు. స్థానికులు మాత్రం అంతకుముందు నుంచే ‘మోసి ఓవా తున్యా’ అంటారు. ఉరిమే పొగ అని అర్థం. ఏప్రిల్‌ ప్రాంతంలో వరద ఉధృతంగా ఉన్నప్పుడు వెళితే ఆ పేరు ఎంత సరైందో తెలుస్తుంది. తుంపర్ల పొగ తప్ప జలపాతం సరిగా కనిపించదు. గొడుగున్నా తడిసి ముద్దవ్వాల్సిందే. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే చాలాచోట్ల నల్లటి బండరాయే మిగులుతుంది. జలపాతం కోసమే వెళ్లేవాళ్లు ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోవడం మంచిది.

ఇరవైమందికో ఏనుగు

జలపాతం నుంచి రోడ్డు మీద సుమారు 80 కిలోమీటర్ల దూరంలో బోట్స్వానాలోని కసానే పట్టణం. అక్కడే చోబే జాతీయ పార్కు. హాలీవుడ్‌ తారలు ఎలిజబెత్‌ టేలర్‌, రిచర్డ్‌ బర్టన్‌ విడాకులు తీసుకున్నాక 1975లో రెండోసారి పెళ్లి చేసుకున్నది ఈ ప్రాంతంలోనే. ఇక్కడ షికారు జీపులోనే కాదు, పడవలో కూడా. ఎండాకాలం సాయంత్రాల్లో ఏనుగులు గుంపులు గుంపులుగా చోబే నదికి దిగుతాయి. తొండాలు మాత్రం పైకెత్తి ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్లిపోతాయి. గున్నలు పెద్దవాటి మధ్యలో నడుస్తాయి.

అంగోలా, బోట్స్వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వేలు కలిసి ఏర్పాటుచేసుకున్న ఉమ్మడి సంరక్షణ ప్రాంతం ‘కాజా’లో భాగం ఈ అడవి. కాజా విస్తీర్ణం 5.2 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినదానికి దాదాపు రెట్టింపు. 2022లో చేసిన గణనలో అక్కడ 2,27,900 ఏనుగులు ఉన్నట్టు తేలింది. అందులో 1,31,900 ఒక్క బోట్స్వానాలోనే. ఆ దేశ జనాభా సుమారు పాతిక లక్షలు. అంటే సుమారుగా ఇరవైమంది మనుషులకో ఏనుగు!

సముద్రాన్ని చేరని నది

డెల్టా అంటే మనకు గోదావరి, కృష్ణ సముద్రంలో కలిసేచోటే గుర్తొస్తుంది. ఒకవాంగో నది దారి వేరు. అంగోలా కొండల్లో పుట్టి, బోట్స్వానాలోని కలహారి ఇసుకలోకి వచ్చి, పాయలు పాయలుగా చీలి, అక్కడే ఇంకిపోతుంది. ఆవిరైపోతుంది. సముద్రం ముఖమే చూడదు. విచిత్రమేంటంటే అంగోలాలో కురిసిన వానలు నెలల తరబడి నెమ్మదిగా పారుకుంటూ, ఇక్కడ చుక్క వాన లేని జూన్‌-ఆగస్టు మధ్య డెల్టాను నింపుతాయి. చుట్టూ నేలంతా ఎండిపోయిన వేళ ఇక్కడ మాత్రం నీళ్లు! అందుకే జంతువులన్నీ ఇటే పరుగులు తీస్తాయి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో పేరుగా చేరింది ఇదే. వానల విలువ తెలిసిన దేశం కాబట్టే కాబోలు, బోట్స్వానా కరెన్సీ పేరు ‘పులా’. అక్కడి భాషలో వాన అని అర్థం.

మౌన్‌ పట్టణం నుంచి డెల్టాలోని క్యాంపులకు పది పన్నెండు మంది పట్టే విమానాలే దిక్కు. దిగేది మట్టి రన్‌వే మీద. ముందుగా జీపు వెళ్లి అక్కడున్న జీబ్రాలనో, ఏనుగులనో తోలేస్తే గానీ విమానం దిగదు ఒక్కోసారి. తర్వాత ‘మొకోరో’ ఎక్కాలి. కొల్లేటి తాటిదోనె లాంటి సన్నటి పడవ అది. ఒకప్పుడు చెట్టు మానును తొలిచి చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా ఫైబర్‌వి. వెనక నిలబడిన మనిషి పొడవాటి గడ వేసి తోస్తుంటే తామరల మధ్య నుంచి చప్పుడు లేకుండా సాగిపోతుంది. గడ వేసేవాళ్లు ఏ పాయలో నీటిగుర్రం ఉందో కనిపెట్టి మరీ దారి మారుస్తారు. మధ్యలో కనిపించే లంకల్లో చాలావరకు ఒకప్పటి చెదపుట్టలే. వరదకు మునగని పుట్ట మీద పక్షులు విత్తనాలు వేస్తే, చెట్లు మొలిచి, అదే లంకగా పెరిగింది.

డబ్బు ఎటు వెళ్తోంది?

ఇంత పెద్ద డెల్టాలో క్యాంపులు దూరదూరంగా, ఒక్కోదాంట్లో కొద్ది గుడారాలతో ఉండటం యాదృచ్ఛికం కాదు. పర్యాటకులు తక్కువమంది రావాలి, వచ్చినవాళ్లు ఎక్కువ ఖర్చుపెట్టాలి... 1990 నుంచీ బోట్స్వానా పర్యాటక విధానమే అది. అడవిని భాగాలుగా చేసి సంస్థలకు లీజుకిస్తారు. ఎన్ని పడకలుండాలో కూడా ముందే నిర్ణయిస్తారు. అందుకే అక్కడ రద్దీ ఉండదు, అద్దె మాత్రం అంత ఉంటుంది. గైడ్లు, వంటవాళ్లు, గడ వేసేవాళ్లు... డెల్టా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్లు ఈ జీతాల మీదే నడుస్తున్నాయి.

ఆ ఆదాయం ఆగితే ఏమవుతుందో 2020లో కొవిడ్‌ చూపించింది. సరిహద్దులు మూతపడ్డాయి, క్యాంపులు ఖాళీ అయ్యాయి. అడవిలో తిరిగే జీపులే లేకపోతే దొంగలను చూసే కళ్లూ తగ్గిపోతాయి. డెల్టాలో అప్పటికే పెరిగిన ఖడ్గమృగాల వేటకు భయపడి, నల్ల ఖడ్గమృగాలను ప్రభుత్వం అక్కణ్నుంచి తరలించాల్సి వచ్చింది.

మరో పక్క, ఏనుగును ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు తెలియని బాధ ఒకటుంది. డెల్టా అంచునున్న పల్లెల్లో ఏడాదంతా కష్టపడి పెంచిన జొన్న, మొక్కజొన్న ఒక్క రాత్రిలో ఏనుగుల పాలవుతుంది. పేడలో మిరపకారం కలిపి ఇటుకలు చేసి, పొలం గట్టున కాల్చి ఆ ఘాటుతో వాటిని తరుముతుంటారు. చిత్తూరు జిల్లాలో కౌండిన్య అడవి పక్కన పంట వేసే రైతులకు ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. 2014లో విధించిన వేట నిషేధాన్ని 2019లో బోట్స్వానా ఎత్తేయడానికి ఈ పల్లెల కోపమూ ఓ కారణం. వేటాడిన జంతువుల జ్ఞాపికల దిగుమతిపై ఆంక్షలు పెంచాలని జర్మనీ ఆలోచిస్తే, ‘మీకు 20 వేల ఏనుగులు పంపిస్తాం, వాటితో కలిసి బతికి చూడండి’ అన్నట్టుగా 2024లో అప్పటి అధ్యక్షుడు మోక్‌గ్వీట్సి మసీసీ విరుచుకుపడ్డాడు.

వేటతో వచ్చే డబ్బు మేలా, కెమెరాతో వచ్చేది మేలా అన్న వాదన అక్కడ ఇంకా తెగలేదు. ఒక్కటి మాత్రం నిజం. పంట పోయిన రైతు ఇంట్లో ఎవరో ఒకరికి ఆ ఏనుగు వల్లే జీతం వస్తుంటే, దాన్ని చూసే చూపు మారుతుంది. లక్ష రూపాయల అద్దెలో ఆ ఇంటికి చేరే వాటా ఎంత పెరిగితే, ఆ అడవికి అంత ఆయుష్షు!

వెళ్లాలనుకుంటే...

జంతువులను చూడటానికి మే నుంచి అక్టోబరు దాకా అనుకూలం. చెట్ల ఆకులు రాలి, నీటి మడుగులు తగ్గి, జంతువులు సులువుగా కనిపిస్తాయి. జూన్‌, జులైల్లో తెల్లవారుజామున జీపులో గజగజ వణికించే చలి. ఉన్ని దుస్తులు తప్పనిసరి.

హైదరాబాద్‌ నుంచి దుబాయ్‌ లాంటి చోట విమానం మారి జొహానెస్‌బర్గ్‌ వెళ్లొచ్చు. మూడు దేశాల వీసా నిబంధనలనూ ముందే విడివిడిగా కనుక్కోవాలి.

చిన్న విమానాల్లో సామాను బరువుకు పరిమితి ఉంటుంది, సాధారణంగా 15 నుంచి 20 కిలోలు. చక్రాల సూట్‌కేసు కాకుండా మెత్తటి సంచి తీసుకెళ్లాలి.

చాలా క్యాంపుల్లో ఆరేళ్ల లోపు పిల్లలను జీపు షికారుకు అనుమతించరు. శాకాహారులు బుకింగ్‌ అప్పుడే చెబితే విడిగా వండి పెడతారు. మలేరియా ఉండే ప్రాంతాలు కాబట్టి బయల్దేరే ముందు డాక్టర్ని సంప్రదించాలి.

అంత ఖర్చు వద్దనుకునేవారికి క్రూగర్‌ పార్కు ఉండనే ఉంది. అద్దె కారు, పార్కు కాటేజీ, కాస్త ఓపిక ఉంటే చాలు. సింహానికి లక్షాధికారైనా ఒకటే, మామూలు మనిషైనా ఒకటే!