చీటీ రాయడమే వైద్యం కాదు

కుంగుబాటు మందులు వాడితే మనిషి మొద్దుబారిపోతాడని కొందరు భయపెడతారు. మెదడులో తగ్గిన సెరటోనిన్‌ను నింపే టానిక్కులని మరికొందరు నమ్మిస్తారు. పాఠకులారా, ఈ రెండు మాటలూ నిజం కావు.

నేడు విరివిగా రాస్తున్న ఫ్లూఆక్సిటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటివి ఎస్.ఎస్.ఆర్.ఐ. తరగతి మందులు. నాడీకణం తాను విడుదల చేసిన సెరటోనిన్‌ను తిరిగి లోపలికి తీసుకుంటుంది. ఈ మందులు దానిని అడ్డుకుంటాయి. ఆ పని గంటల్లోనే మొదలవుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. లోటు భర్తీయే వైద్యమైతే ఇంత ఆలస్యమెందుకు? సెరటోనిన్ లోటే కుంగుబాటుకు కారణమనడానికి నిలకడైన ఆధారాలు లేవని 2022లో లండన్ పరిశోధకుల సమీక్ష తేల్చింది. అంతమాత్రాన మందు వ్యర్థమని అర్థం కాదు. పారాసిటమాల్ లోటు వల్ల జ్వరం రాదు, అయినా ఆ మాత్రతో జ్వరం తగ్గుతుంది కదా! తీవ్రమైన కుంగుబాటులో ఈ మందులు నిజంగా మేలు చేస్తాయి.

నా అభియోగమంతా రెండు నిమిషాల్లో చీటీ రాసి, నోరు విప్పకుండా రోగిని పంపివేసే పద్ధతిపైనే. తొలి వారాల్లో వికారం, నిద్రలేమి, ఆందోళన కలగవచ్చని ముందే చెప్పాలి. పిల్లల్లో, యువతలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ముప్పు ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో తీవ్ర హెచ్చరిక జారీ చేసి, 2007లో దానిని 24 ఏళ్ల వయసు వరకు విస్తరించింది. ఈ మాట ఎందరు తల్లిదండ్రులకు చేరింది? లైంగిక వాంఛ తగ్గవచ్చు. వృద్ధుల్లో సోడియం పడిపోయి మతి తప్పవచ్చు. నొప్పి మాత్రలు తోడైతే కడుపులో రక్తస్రావం జరగవచ్చు. ట్రమడాల్‌తో కలిస్తే సెరటోనిన్ ప్రభావం మితిమీరి ప్రాణాపాయం కావచ్చు.

హఠాత్తుగా మానేయడం మరో ప్రమాదం. తల తిరుగుతుంది, చిరాకు పుడుతుంది, తలలో కరెంటు షాకు కొట్టినట్లుంటుంది. బంధువులు దానిని వ్యసనమంటారు. వైద్యుడు జబ్బు తిరగబెట్టిందనుకుని మోతాదు పెంచుతాడు. మందుకు అలవాటుపడిన శరీరం సర్దుకోవడానికి గడువు కావాలి. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి.

కాబట్టి అడగండి: ఈ మందు నాకెందుకు? ఎంతకాలం? నేను వాడే ఇతర మందులతో పొసగుతుందా? ఎలా మానాలి? జవాబు చెప్పే తీరిక లేని వైద్యుడికి ఈ చీటీ రాసే నైతిక హక్కు లేదు. అయితే ఇది చదివి నేడే మాత్ర మానేయకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆలస్యం చేయక ఇంట్లోవారికి చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి.