మను భాకర్ పిస్టల్ మొరాయించిన ఆ రోజు.. మన పిల్లలు నేర్చుకోవాల్సిందేంటి?

2021 జూలై 25. టోక్యో ఒలింపిక్స్, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్. తొలి సిరీస్‌లో మను భాకర్ స్కోరు 100కి 98. రెండో సిరీస్ మధ్యలో పిస్టల్ మొరాయించింది. కాకింగ్ లివర్ విరిగిపోయింది. దాన్ని మార్చాక ట్రిగ్గర్ సర్క్యూట్ పనిచేయలేదు, దాన్నీ మార్చాల్సి వచ్చింది. ఈలోగా గడియారం మాత్రం ఆగలేదు! దాదాపు 17 నిమిషాలు పోయాయి. మిగిలిన 44 షాట్లను 40 నిమిషాల్లోపే కొట్టాల్సి వచ్చింది.

చివరికి స్కోరు 575. ఫైనల్‌కు వెళ్లిన చివరి షూటర్ స్కోరు 577. అంటే తేడా రెండే పాయింట్లు. తర్వాత పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది కాబట్టి మనం ఈ కథ ఇప్పుడు తాపీగా చెప్పుకుంటున్నాం. లేకపోతే ఆ లివర్ ఆమెను జీవితాంతం వెంటాడేది.

ఇది ఇప్పుడెందుకు అంటారా? లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచినప్పుడు హైదరాబాద్‌లో చాలా మంది పిల్లలు రైఫిల్ వైపు చూశారు. ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలతో ఈషా సింగ్ వచ్చాక పిస్టల్ వైపు చూస్తున్నారు. ఆ మోజు ఇప్పుడు అనకాపల్లి లాంటి ఊళ్లకూ చేరింది. తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఒకటే.. "ఏ గన్ కొనాలి?"

నిజానికి ముందు అడగాల్సింది, "పాడైతే ఎవరు బాగుచేస్తారు?" అని. బెల్లం మార్కెట్ రోడ్డులో బైక్ ఆగితే పది నిమిషాల్లో మెకానిక్ దొరుకుతాడు. మ్యాచ్ పిస్టల్‌కి ఆ వీలు లేదు. పేరున్న మోడళ్లు స్విట్జర్లాండ్, ఇటలీ, జర్మనీ, ఆస్ట్రియాల నుంచి వస్తాయి. ధర లక్ష దాటుతుంది. స్పేర్ పార్ట్ కూడా అక్కడి నుంచే రావాలి.

సరే, మరి గురి తప్పుతోంది. గన్ తప్పా, మన తప్పా? ఇక్కడే చాలా మంది బోల్తా పడతారు. ముందు గ్రిప్, సైట్ స్క్రూలు వదులయ్యాయేమో చూడాలి. తర్వాత సిలిండర్ ప్రెజర్. గాలి నిదానంగా కారుతుంటే సీల్ అరిగిందన్న మాట, పెల్లెట్ వేగం షాట్ షాట్‌కీ మారిపోతుంది. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ అయితే బ్యాటరీ కొత్తది వేసి చూడాలి. ఇవన్నీ బాగుంటే పెల్లెట్ల బ్యాచ్ మార్చి, గన్‌ను స్టాండ్‌లో బిగించి టెస్ట్ చేయించాలి. గుళ్లన్నీ ఒకే చోట పడ్డాయా? అయితే గన్ బంగారం. కోచ్ దగ్గరికి పదండి!

పిస్టల్ టార్గెట్‌లో పదో రింగ్ వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. రైఫిల్‌కైతే అర మిల్లీమీటర్ చుక్క. అందుకే చిన్న లోపం కూడా స్కోరు బోర్డు మీద కనిపిస్తుంది. కానీ ఆ పేరు చెప్పి ఏడాదికో గన్ మార్చడం మాత్రం, మా అభిప్రాయంలో, డబ్బు దండగే. చేతికి సరిపోయేలా గ్రిప్ చెక్కించుకోవడం, రోజూ డ్రై ఫైరింగ్ చేయడం.. కొత్త పిస్టల్ కంటే ఎక్కువ పాయింట్లు ఇచ్చేవి ఇవే.

ట్రిగ్గర్‌ను మరీ తేలిక చేసేద్దాం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కి 1000 గ్రాములు ఉండాలన్నది అంతర్జాతీయ రూల్. ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో బరువు వేలాడదీసి చూస్తారు. గడువు దాటిన గాలి సిలిండర్‌కు కూడా అనుమతి లేదు. దానికి బాధ్యత షూటర్‌దే.

ఇంకో మాట. .22 లాంటి ఫైర్ఆర్మ్ విషయంలో తెలిసిన లేత్ వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే కుదరదు. ఆయుధాల చట్టం 1959 ప్రకారం రిపేర్ చేసేవాళ్లకీ లైసెన్స్ ఉండాలి.

ప్రభుత్వాలు రేంజ్‌లు కడతామంటే సంతోషమే. ఆ లేన్ల పక్కన ఒక ఆర్మరర్, ఒక స్పేర్ పార్ట్‌ల బీరువా కూడా బడ్జెట్‌లో ఉన్నాయో లేదో అడిగేవాళ్లు కావాలి. అంతవరకూ మ్యాచ్‌కి వెళ్లే పిల్లల బ్యాగ్‌లో ఆలెన్ కీల సెట్, సీల్స్, ఒక బ్యాటరీ పెట్టి పంపండి. అవి వాడటం కూడా ముందే నేర్పించండి, గడియారం పెట్టి మరీ.