మా ఎడబాటుకి మీ పుస్తకంలో పేజీ లేదా?

మొన్న విశాఖలో ఒక సాహిత్య సభకి వెళ్ళాను. దాంపత్య ప్రేమ, వియోగ కవిత్వం మీద ఉపన్యాసం. పెద్దమనిషి గంటసేపు బాగానే మాట్లాడారు. విశ్వనాథ 'వరలక్ష్మీ త్రిశతి' నుంచి మొదలుపెట్టి భావకవుల దాకా వచ్చారు. చివర్లో ఎవరో అడిగితే, "దళిత కవిత్వంలో ఆగ్రహం ఉంది, ఆత్మగౌరవం ఉంది. విరహం మాత్రం కనపడదు. వాళ్ళ ప్రాధాన్యాలు వేరు" అన్నారు. హాల్లో తలలు ఊగాయి. బస్సెక్కి తగరపువలస చేరేదాకా ఆ 'ప్రాధాన్యాలు' అనే మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ వారం భూముల సంగతి పక్కనపెట్టి ఇది రాస్తున్నా.

ముందే చెప్తున్నా. భార్య పోయిన మనిషి మూడొందల పద్యాలు రాసుకుంటే ఎగతాళి చేసే రకం కాదు నేను. దుఃఖం ఎవరిదైనా దుఃఖమే. నా తగాదా అల్లా, దాన్నొక్కదాన్నే లెక్కలో వేసుకుని మిగతావాళ్ళకి ఇళ్ళూ వాకిళ్ళూ పెళ్ళాంబిడ్డలూ లేనట్టు మాట్లాడేవాళ్ళతోనే.

జాషువాని తీసుకోండి. 1941లో 'గబ్బిలం' వచ్చింది. కాళిదాసు మేఘదూతం చట్రమే అది. అక్కడ యక్షుడు కొలువులో ఏమరుపాటు చేసి ఏడాది శిక్ష పడ్డవాడు. రామగిరి మీద కూర్చుని అలకాపురిలో ఉన్న భార్యకి మబ్బుతో కబురంపుతాడు. ఏడాది గడిస్తే ఇంటికెళ్ళిపోతాడు. జాషువా మనిషికి శిక్ష పుట్టుకతోనే పడింది, గడువు లేదు. కడుపులో ఆకలి. అతని కబురు వెళ్ళేది కాశీలో శివుడికి. తనని గుడిలోకి రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. అంటే చట్రమంతా ఉంచి, కబురు అందుకునే భార్యని తీసేశాడు. ఎందుకు? ఆ దుఃఖం రాయడం చేతకాకనా? అదే జాషువా 'ముంతాజ్ మహల్' రాశాడు. భార్య పోయిన మొగుడి దుఃఖం మీద మొత్తం ఒక కావ్యం. కాకపోతే ఆ మొగుడు షాజహాను.

ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పెళ్ళాం కోసం ఏడవాలంటే పాలరాయి ఉండాలి. మనవాడికి ముందు అన్నం, ఆ తర్వాత గుడి తలుపు. పెళ్ళాం వంతు రాకముందే కావ్యం అయిపోతుంది. తన పాఠకులెవరో జాషువాకి బాగా తెలుసు. మాదిగవాడు పెళ్ళాం గుర్తొచ్చి నిట్టూరిస్తే ఆ రోజుల్లో ఏ పండితుడు కళ్ళు తుడుచుకునేవాడు? ఇది నా చదువు. కాదన్నవాళ్ళతో వాదనకి సిద్ధం.

బాబాసాహెబ్ సంగతీ చెప్పాలి. రమాబాయి 1935 మే 27న పోయారు. అప్పటికే నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి. ఆయన చదువు కోసం సముద్రాలు దాటితే ఆవిడ బొంబాయిలో ఒంటరిగా సంసారం ఈదింది. పండరిపురం చూడాలని ఆవిడ కోరిక. మనల్ని బయటే నిలబెట్టే ఆ గుడి ఎందుకు, మనకి మనమే వేరే పండరిపురం కట్టుకుందాం అన్నాడాయన. ఆవిడ అది చూడకుండానే వెళ్ళిపోయింది. ఆయన స్మృతికావ్యం రాయలేదు. పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకం తెరవండి. అంకెలూ వాదనలూ మొదలవకముందే, రాము జ్ఞాపకానికి అంకితం ఉంటుంది. ఆమె మంచి మనసు, తోడు లేని లేమి రోజుల్లో తనతో సమానంగా కష్టాన్ని మోసిన ఆమె నిబ్బరం, కొద్ది వరసల్లో. ఆ పుస్తకాన్ని చర్చల్లోకి లాగేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ పేజీ దగ్గర ఆగినవాళ్ళు తక్కువ.

ఇది మనకీ తగలాలి. ఎండ్లూరి సుధాకర్, పుట్ల హేమలత ఇద్దరూ రాసేవాళ్ళే. ఆయన 'కొత్త గబ్బిలం' కవి. ఆవిడ 'విహంగ' మహిళా పత్రికని అంతర్జాలంలో నిలబెట్టిన మనిషి. 2019లో ఆవిడ పోయారు, 2022 జనవరిలో ఆయన. నిండా మూడేళ్ళు కాలేదు. మన సభల్లో ఆయన్ని జాషువా వారసుడంటాం, వర్గీకరణ దగ్గర తలుచుకుంటాం. ఇద్దరు రచయితలు కాపురం చేసిన ఇల్లుగా ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం? 'నల్లద్రాక్ష పందిరి' అని పుస్తకానికి పేరు పెట్టుకున్న కవిలో కూడా మనం కోపమే వెతుక్కున్నాం. బయటివాళ్ళు మనకి ఆగ్రహం అనే ఒక గది కేటాయించారు. మనం అందులోనే మంచం వేసుకున్నాం.

ఇక విరహం కనపడదన్నవాళ్ళకి. మా పక్కనే చిట్టివలస జూట్ మిల్లు, 2009లో మూతపడింది. మిల్లు సైరన్‌తో పొయ్యి వెలిగించిన పేటలివి. మగాళ్ళు హైదరాబాద్, చెన్నై కట్టుబడి పనులకి పోయారు. పండక్కి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కొందరు పెట్టెలో వచ్చారు. అలాంటి ఇంట్లో పెళ్ళాం శవం పక్కన కూర్చుని శోకాలు పెడుతుంటే ఎప్పుడైనా విన్నారా? "సంకురాత్రికి సీర తెత్తానన్నావు, సీర రానేదు, నువ్వొచ్చినావు" అని రాగం తీసింది ఒకావిడ. నేను అక్కడే ఉన్నాను. ఆ తర్వాత అతను తాగింది చెప్పింది, కొట్టింది చెప్పింది, ఎవరికెంత బాకీయో చెప్పింది, జ్వరమొస్తే రాత్రంతా కాళ్ళు పట్టింది కూడా చెప్పింది. కవుల ఇళ్ళలో పోయిన భార్య వెంటనే దేవతైపోతుంది. మా పేటలో పోయిన మొగుడు మొగుడిగానే ఉంటాడు, తిట్లు తింటాడు. ఏ ప్రేమ ఎక్కువ నిజమో మీరే తేల్చుకోండి.

కానీ దాన్ని కవిత్వం అనరు, ఏడుపు అంటారు. 'సౌదామిని' పేరుతో కవిత్వం రాసిన బసవరాజు రాజ్యలక్ష్మమ్మ గారినే అప్పారావు గారి భార్యగా గుర్తుపెట్టుకున్న సాహిత్యం ఇది. ఇక సంతకం పెట్టడం రాని మా ఆడమనిషి ఏ చరిత్రలోకి ఎక్కుతుంది?

మా దగ్గర శోకాలు పెట్టడం వచ్చిన ముసలమ్మలు నలుగురైదుగురే మిగిలారు. కోడళ్ళు సిగ్గుపడుతున్నారు. ప్రార్థనకొచ్చిన పాస్టరు గారు ఏడవొద్దంటున్నారు. చదువుకున్న మన పిల్లలకి ఒక పని చెప్తున్నా. ఆ ఇంటివాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే, ఫోన్లో రికార్డు చేసి రాసి పెట్టండి. కింద 'జానపదం' అని రాయకండి. ఆవిడ ఒప్పుకుంటే ఆవిడ పేరు రాయండి, ఇంటిపేరుతో సహా.

జై భీమ్. భూముల సంగతి వచ్చే ఆదివారం.